ఇంటిపన్నును పేదవాని యర్జీయును

(చీరాలలో ఒక గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



చీరాలలో నిలిచి ఇంటిపన్నును గూర్చి మాటాడుటకు ఎవనికైనను కొంత జంకు కలుగక మానదు. పన్ను కారణముగా ఊరికి ఊరే ఇండ్లు విడిచి పొలిమేర దాటిన చరిత్ర మీది. ఆ కథ నాకంటె మీకే బాగుగ తెలియును. ఐనను నేను చెప్పదలచిన మాటకు అదియే పునాది గనుక రెండు వాక్యములలో స్మరించెదను.

చీరాల పేరాలలు యూనియనుగా నుండిన దినములలో ప్రజలు సాలునకు సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండిరి. ప్రభుత్వము ఈ గ్రామములను మునిసిపాలిటీగా మార్చగా ఆ భారము సుమారు 40,000 రూపాయలకు పెరుగునట్లయ్యెను. జనసంఖ్య సుమారు 15,000. అందు పెక్కుమంది మగ్గమును నమ్ముకొని బ్రదుకువారు. వారు మొదట అర్జీలు పెట్టుకొనిరి. వినువారు లేకపోయిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు ఇచ్చటికి వచ్చి, పన్ను నిరాకరించి శిక్షల నోర్చుటయో, మునిసిపలు హద్దు దాటి వెలుపల నివసించుటయో యని రెండు మార్గములు చూపెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవ మార్గమును చేకొని, మండువేసవిలో రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురము చేసిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాలకు పోయిరి. 1922లో జనము తిరిగి ఇండ్లు చేరిరి. మునిసిపాలిటీ నిలిచెను, శక్తికి మించిన పన్ను న్యాయము కాదన్న మాటయు దానితోపాటు నిలిచెను.

నేడు పన్ను వేయు చేయి పరాయిది కాదు. చట్టము యొక్క అధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. ఆ చట్టమును చేయునది మన మెన్నుకొన్న శాసనసభ. వీధిదీపమునకును, మురుగుకాలువకును, కొళాయినీటికిని, తెల్లవారకముందే వీధు లూడ్చు కార్మికుని జీతమునకును డబ్బు ఎక్కడనుండియో రావలయును గదా! కావున పన్ను కట్టవలదని చెప్పుటకు నేను రాలేదు. చట్టము పేదవానియెడ చూపిన దయ అతని గడపదాక వచ్చినదా యని అడుగుటకు వచ్చితిని.

2021 ఏప్రిలు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున పట్టణపు ఇంటిపన్ను విధానము మారినది. అంతకుముందు ఇంటికి రాదగిన అద్దెను లెక్కగట్టి పన్ను వేసెడివారు. అటుపిమ్మట ఆస్తి విలువనుబట్టి వేయసాగిరి. నివాసగృహమునకు ఒక రేటు, వ్యాపారస్థలమునకు అంతకు హెచ్చైన రేటు ఏర్పడెను. పాత పన్నుపై పెంపుదల 15 శాతమునకు మించరాదని హద్దు పెట్టబడెను. 375 చదరపు అడుగులకు మించని నివాసగృహమునకు సాలునకు 50 రూపాయలు మాత్రమే యని నిర్ణయింపబడెను. గొప్ప ఉపకారమే. ఐతే ఆ ఉపకారము కొలత సరిగా పడిన యింటికే దక్కును. పట్టికలో ఏమి వ్రాసిరో చదువగలిగిన వానికే తెలియును.

నేనెరిగిన యొక సంగతి చెప్పెదను. ఊరి పేరు అక్కరలేదు. భర్త గతించిన యొక వృద్ధురాలు తన చిన్న యింటి ముందరిగదిలో మగ్గము నేసికొని బ్రదుకుచున్నది. ఆ గదిని ఎవరో దుకాణముగా వ్రాసికొనిపోయిరి. నోటీసు చనిపోయిన భర్త పేరనే వచ్చుచుండెను. ఆమె ఒకటి రెండేండ్లు మూడురూపాయల వడ్డీకి అప్పుతెచ్చి కట్టెను. పిమ్మట కట్టలేక మానెను. బకాయికి నెలకు రెండురూపాయల వంతున అపరాధవడ్డీ పెరుగసాగెను. నూటికి నెలకు రెండనగా ఏటికి ఇరువదినాలుగు. ఏబది నెలలకు వడ్డీ అసలంత యగును. జప్తు మాట చెవిని పడిన దినమున ఆమె నాయొద్దకు వచ్చెను. నేను టేపు తీసికొనిపోయి కొలచితిని. ఇల్లంతయు కలిపి 340 చదరపు అడుగులు. అర్జీ వ్రాసితిమి, మగ్గమును చూపితిమి, మరణధ్రువపత్రము జతచేసితిమి. అధికారి వచ్చి చూచి సవరించెను. ఆమె పన్ను 50 రూపాయలయ్యెను. అంతకుముందు కట్టినది మాత్రము తిరిగి రాలేదు.

ఆమె సంతోషించినది. వెళ్లుచు వెళ్లుచు గుమ్మమున నిలిచి, "ఈ మాట నాకు నాలుగేళ్ల క్రిందటే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది గదా బాబూ!" అనెను.

సోదరులారా, ఆ మాట నాకు సూటిగా తగిలెను. ఆ నాలుగేండ్లలో నా యింటి కొలతలోను పొరపాటు దొరలినది. నేను అర్జీ వ్రాసికొని ఒక మాసములో సవరింపించుకొంటిని. ఆమె యిల్లు మా వీధి చివరనే యున్నది. సభలలో పేదల పక్షమున ఎన్ని మాటలాడితినో లెక్కలేదు. ఆ వీధి చివరిదాక నడచి మీ నోటీసు చూపుమని యడుగుటకు మాత్రము నాకు తోచలేదు.

ఇంకొక వింతను గమనింపుడు. సాలంతటి పన్నును ఏప్రిలులోనే కట్టినవారికి 5 శాతము తగ్గింపు కలదు. ఏప్రిలులో చేత డబ్బుండువాడెవడు? ఉన్నవాడు తగ్గింపు పొందును. లేనివాడు వడ్డీ కట్టును. 2025 మార్చిలో పాత బకాయిలపై వడ్డీలో సగము మాఫీ చేసిరి. ఆ మాఫీకి ఒక గడువు పెట్టిరి. పత్రిక చదువువాడు పరుగెత్తెను. చదువనివాడు గడువు దాటిన తరువాత వినెను. రాయితీ ఇచ్చుట ఒక యెత్తు, దానిని తెలుపుట ఒక యెత్తు.

కాన మనము చేయవలసిన పని చిన్నది, కష్టము లేనిది. నోటీసును పారవేయకుడు. అందు పేరు, ఇంటి కొలత, నివాసమా వ్యాపారమా యన్న వివరము, ఈ మూడును చూచుకొనుడు. ఇంటిని మీరే కొలచుకొనుడు. తప్పున్నచో నోటీసులోని గడువులోపల అర్జీ పెట్టుడు. నోటిమాటతో సరిపెట్టక, అందినట్లు సంతకమో రశీదో తీసికొనుడు. యజమాని గతించినయెడల పేరుమార్పునకు జాగు చేయకుడు. కట్టిన ప్రతి రశీదును దాచుకొనుడు.

వకీలునకు ఇచ్చుకొనలేమని భయపడకుడు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. ఆదాయపరిమితికి లోబడిన తక్కినవారికిని కలదు. ఇది భిక్ష కాదు, హక్కు.

చదువుకొన్న యువకులారా! ప్రతి వీధికి ఇద్దరు చాలును. ఒకరి చేత టేపు, ఒకరి చేత కలము. వారమునకొక సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండుడు. వచ్చినవారి నోటీసు చదివి చెప్పుడు. రానివారి గడపకు మీరే పొండు. మొదటి సాయంకాలము నేనును వచ్చి కూర్చుందును.

నాడు ఈ యూరివారు అర్జీ వినువారు లేక ఇండ్లు విడిచిరి. నేడు వినవలసినవారిని మనమే యెన్నుకొనుచున్నాము. అర్జీ వ్రాసిపెట్టువాడు లేక ఒక్క ముసలమ్మయైనను ఇల్లు విడువవలసివచ్చెనా, ఆ దోషము మునిసిపాలిటీది కాదు, మనది.