స్పృహలో ఉన్నప్పుడే చార్జి అప్పగిద్దాం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది వీలునామా రాశాం, నామినీ పేరు ఇచ్చాం. ఈ రెండూ మనం పోయిన తర్వాత పనికి వచ్చేవే. పక్షవాతం వచ్చి, స్పృహ లేకుండా ఆరు నెలలు మంచాన పడితే? డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, ఆసుపత్రి బిల్లుకు చేతికి రాదు. మన బదులు సంతకం పెట్టే అధికారం భార్యకైనా లేదు.

“జనరల్ పవరాఫ్ అటార్నీ ఇచ్చాను కదా” అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చినవారికి మతిస్థిమితం తప్పితే ఆ అధికారం ముగుస్తుంది. సరిగ్గా అవసరమైన రోజునే ఆ కాగితం అక్కరకు రాదన్నమాట.

ఇక మిగిలేది హైకోర్టు. కోమాలో ఉన్నవారికి గార్డియనును నియమించే చట్టం లేదని గుర్తించి, 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు పరీక్ష, రెవెన్యూవారి విచారణ, ఆపైన ఆరు నెలలకోసారి లెక్కలు. మనిషిని ఆసుపత్రిలో పెట్టుకుని ఇల్లాలు ఇన్నిటికీ తిరగాలి.

ఆ అవసరం తగ్గించుకునేందుకు కొన్ని మాటలు మనవి చేస్తాను.

ఒకటి: సేవింగ్స్ ఖాతాను దంపతుల పేర “ఐదర్ ఆర్ సర్వైవర్”గా మార్పించండి. ఒంటరివారు నమ్మకమైన బిడ్డను చేర్చుకోండి. ఉమ్మడి డిపాజిట్లను గడువుకు ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు. కనుక సొమ్మంతా దీర్ఘకాల డిపాజిట్లలో బిగించకండి.

రెండు: చెయ్యి ఆడకపోయినా తెలివి ఉంటే భయం లేదు. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర, ఇద్దరు సాక్షుల గుర్తింపుతో చెల్లుతుంది. ఒక సాక్షి బ్యాంకు అధికారి కావాలి.

మూడు: కోలుకునే ఆశలేని స్థితిలో ఎలాంటి వైద్యం వద్దో ముందే రాసిపెట్టవచ్చునని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో పద్ధతి సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గజెటెడ్ అధికారి సంతకం చాలు. మన తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయండి.

నాలుగు: భయపడి ఇల్లు పిల్లల పేర రాసేయకండి. రాయక తప్పకపోతే పోషణ షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. షరతు తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద రద్దు కోరవచ్చు.

ఇవన్నీ చేసినా, మనం స్పృహలో లేనప్పుడు మన పేరనున్న ఇల్లు అమ్మవలసి వస్తే కోర్టుకు వెళ్లక తప్పదు. కనీసం వైద్యానికి, తిండికి ఇబ్బంది ఉండదు.

సర్వీసులో చార్జి అప్పగించకుండా ఏనాడైనా సీటు వదిలామా? ఖాతాలు, పాలసీలు, పి.పి.ఓ. నంబరు ఒక నోటుపుస్తకంలో రాసి, ఈ వారమే ఇంట్లోవారికి చూపించండి.

సెలవు.