రక్తపుపోటు – పంచాయతీల కర్తవ్యము



గోదావరి పొంగినప్పుడు మనకు ముందుగా హెచ్చరిక అందును. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. దేహములో రక్తపుపోటు పెరిగినప్పుడు పెక్కుమందికి ఇట్టి హెచ్చరిక ఏదియు కానరాదు. మనిషి ఎప్పటివలెనే పనికి పోవుచుండును. ఒకనాడు హఠాత్తుగా కాలుచేయి పడిపోవును. కావున కొలిచి చూచుటయే దీనిని తెలిసికొను మార్గము.

గుండె తోయు రక్తము నాళముల గోడలపై కలిగించు ఒత్తిడియే రక్తపుపోటు. వేర్వేరు దినములలో కొలిచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని యున్నచో వైద్యుని సలహా పొందవలెను. ఉపేక్షించినచో పక్షవాతము, గుండెపోటు, మూత్రపిండముల వ్యాధి సంభవింపవచ్చును. కొలుచుటకు ముందు ఐదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. అర్ధగంట నుండి బీడీ, చుట్ట, తేనీరు ముట్టరాదు.

ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలోని ఉప్పు, ఆవకాయలోనిది, ఎండుచేపలలోనిది అన్నియు ఈ లెక్కలోనివే. పొగాకు, మద్యము మానుట మేలు.

ఒంట్లో బాగున్నదని మాత్రలు మానివేయువారు అనేకులు. బాగుండుట ఆ మాత్రల వలననే యని వారికి నచ్చజెప్పవలెను. మన ప్రాంతమున మాత్రలు ఆగిపోవు సమయములు కొన్ని కలవు: తునికాకు సేకరణకు అడవికి పోవు వేసవి, మిరప కోతలకు ఊరు విడుచు దినములు, వరదకాలము. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినది. సారపాకను భద్రాచలముతో కలుపు వంతెనపై రాకపోకలు నిలిపివేయబడినవి. అట్టి వేళ మాత్రలు నిండుకొన్నవారికి ఆవలి ఒడ్డు ఆసుపత్రి ఉండియు లేనట్లే.

కావున పంచాయతీలను మేము కోరునవి నాలుగు. ఆశా కార్యకర్త సాయమున గ్రామములోని రోగుల జాబితా సిద్ధపరచుడు. వరదలకు ముందే, జూన్ నెలలో, ప్రతి రోగి యింట నెలకు సరిపడు మాత్రలుండునట్లు ఆరోగ్య కేంద్రముతో మాటాడుడు. మాత్రలను, చికిత్స చీటీని తడవని సంచిలో రేషను కార్డుతోపాటు ఉంచుకొనుమని చెప్పుడు. పునరావాస కేంద్రములలో రక్తపుపోటు కొలుచు ఏర్పాటు చేయించుడు.

నోరు వంకరపోయినను, చేయి లేవకున్నను, మాట తడబడినను నాటువైద్యమునకై కాలము గడపక వెంటనే 108 వాహనమును పిలువవలెను. నాళములో గడ్డను కరిగించు సూదిమందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యదగినది.

గట్టు వరదకు ముందు కట్టవలెను గాని తరువాత కాదు. ఈ జాబితా రాబోవు పంచాయతీ సమావేశములోనే ప్రారంభమగునని ఆశించుచున్నాము.