రాష్ట్రసమితి: ఒక నామవిచారము



మా యూరి చావడియొద్ద ఇటీవల నొక ప్రశ్న పుట్టినది. పుట్టించినవాడు ఏడవ తరగతి చదువు బాలుడు. మోసికొని వచ్చినవాడు వాని తాత. కొన్ని రాజకీయ పక్షముల పేర్లకు ఇంగ్లీషున అర్థము వ్రాసికొని రమ్మని బడిలో చెప్పిరట. తెలంగాణ రాష్ట్ర సమితి యను పేరునకు బాలుడు ‘తెలంగాణ స్టేట్ కౌన్సిల్’ అని వ్రాసెను. సరియని గురుతు పడినది. దాని క్రిందనే భారత రాష్ట్ర సమితికి ‘ఇండియా స్టేట్ కౌన్సిల్’ అని వ్రాసెను. దానిపై ఎఱ్ఱసిరా గీత పడినది. తాత ఆ పుస్తకమును నా యెదుట పఱచి, “పంతులుగారూ, రెండు తావుల రాష్ట్రమే ఉన్నది గద? ఒకకాడ ఒప్పు, ఒకకాడ తప్పు ఎట్లయితది?” అని యడిగెను.

ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పినవాడనయ్యును నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. మఱునాడు చెప్పిన బదులే ఈ ప్రసంగము. ఏ పక్షమునకు ఓటు వేయవలెనో చెప్పుట నా పని గాదు. శబ్దమును గుఱించి మాత్రమే మాటలాడెదను.

సంస్కృతమున ‘రాజ్’ అను ధాతువునకు ప్రకాశించుట, ఏలుట అని యర్థములు. దానినుండియే రాజు, రాజ్యము, రాష్ట్రము పుట్టినవి. బాల్యమున అమరకోశము వల్లించినవారికి జ్ఞప్తి యుండును: స్వామి, అమాత్యుడు, మిత్రుడు, కోశము, రాష్ట్రము, దుర్గము, సైన్యము, ఈ 7 రాజ్యాంగములని అందు చెప్పబడినది. నేడు మనము కాన్‌స్టిట్యూషనునకు వాడు ‘రాజ్యాంగము’ అను మాట ఆ తావుననే యున్నది. అక్కడ రాష్ట్రమనగా ప్రజలతో గూడిన భూభాగము. అది రాజ్యములో నొక యంగమే కాని రాజ్యమంతయు గాదు. మన ప్రాచీన శాసనములును ఈ జాడనే నడచినవి. నెల్లూరు సీమలో ముండరాష్ట్రము, గుంటూరు సీమలో కర్మరాష్ట్రము అని పేర్లు గలవు. అవి దేశములు గావు. నాడులు, అనగా నేటి జిల్లాలవంటి విభాగములు.

తెలుగువాడు ఈ యర్థమును విడువలేదు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన కాలమున ‘ఆంధ్రరాష్ట్రము’ కావలెననిన, ఇంగ్లీషులో ప్రావిన్సు కావలెనని భావము. మనకు మాత్రము ఆనాడు రాష్ట్రమను మాటతో పని లేదు. మనది నిజాముగారి సంస్థానము. విచిత్రమేమనగా ఇంగ్లీషువారు ఆ సంస్థానమునే ‘స్టేట్’ అనిరి. 1938లో పుట్టిన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పేరులోని స్టేట్ అదియే. 1950 జనవరి 26 నాడు రాజ్యాంగము అమలులోనికి వచ్చినపుడు ప్రావిన్సు అను పేరు పోయి, స్టేట్ అను పేరు నిలిచినది. తెలుగున దానికి రాష్ట్రమే స్థిరపడినది.

హిందీ, మరాఠీ భాషలలో మార్గము వేఱు. అక్కడ స్టేట్ అనగా రాజ్యము. రాష్ట్రమనగా నేషన్, అనగా దేశమంతయు ఒక్కటిగా నెంచబడిన జాతి. అమరకోశమున రాజ్యములో రాష్ట్రము అంగము. హిందీలో రాష్ట్రములో రాజ్యము అంగము! పాత్రలో పాలు పోసినట్లు గాక పాలలో పాత్రను ముంచినట్లున్నదని నా వంటి పండితుడు నవ్వుకొనవచ్చును గాని, వాడుకకు రాజు లేడు. ఢిల్లీనుండి వచ్చిన మాటలను మనము విప్పకయే పుచ్చుకొంటిమి. రాష్ట్రపతి దేశమున కంతకు అధిపతి. రాజ్యసభ స్టేట్ల సభ. ‘సారూ, రాష్ట్రపతి రాష్ట్రానికి పతి అయితే గవర్నరు దేనికి పతి?’ అని నా తరగతిలో నొక పిల్లవాడు పూర్వమొకప్పు డడిగినాడు. నేను కసరి కూర్చుండబెట్టితిని. నేడు పశ్చాత్తాపపడుచున్నాను.

కాంగ్రెసు పేరును చూడుడు. 1885లో పుట్టిన ఆ సంస్థ ఇంగ్లీషున నేషనల్. తెలుగున ‘జాతీయ’, హిందీలో ‘రాష్ట్రీయ’. మన జాతీయ పదమును విప్పకుండ ఉత్తరదేశమునకు కొనిపోయినచో అక్కడివారు కులమునకు సంబంధించినదని భ్రమింపవచ్చును, వారికి జాతియనగా ముందుగా తోచునది కులమే. అట్లే బీహారులోని రాష్ట్రీయ జనతాదళ్ పేరు విని అది యొక రాష్ట్రమునకు మాత్రము చెందినదని మనవాడు తలపోయును. ఆదిలాబాదు సీమవారికి ఇంత దూరము పోనక్కఱలేదు. మన బస్సుల సంస్థ ‘రాష్ట్ర’ రోడ్డు రవాణా సంస్థ. పెన్‌గంగ కావలనున్నవారి సంస్థ పేరులో మహారాష్ట్ర ‘రాజ్య’ అని యుండును. రెంటికిని ఇంగ్లీషున స్టేట్ అనియే.

ఇక మన పక్షము పేరు. 1969 నాటి యుద్యమమున వచ్చినది తెలంగాణ ప్రజాసమితి. 1971 లోక్‌సభ ఎన్నికలలో 10 స్థానములు గెలిచిన ఆ సంస్థ పేరులో రాష్ట్రశబ్దము లేదు. 2001 ఏప్రిల్ 27 నాడు హైదరాబాదులో శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు స్థాపించిన పక్షము తన కోరికనే పేరులో నిలిపినది. ఆ మే 17 నాడు కరీంనగరమున సింహగర్జన సభ జరిగినది. మీలో పోయినవారుందురు. ఆ నాటినుండి 2014 జూన్ 2 వఱకు మన పల్లెలలో రాష్ట్రమను మాటకు ఒక్కటే యర్థము: మనది కావలసిన తెలంగాణ. దానికై ప్రాణములు విడిచిన బిడ్డలు ఈ రెండు జిల్లాలలో గలరు. నిఘంటువు చూచి ఆ మాట నేర్చినవారెవరును లేరు.

‘సమితి’ యనగా కూడుట. వేదకాలమున సభయు సమితియు ప్రజల కూటములు. అమరకోశమున దానికి యుద్ధమనియు నర్థము గలదు. ఆ పదమూడేండ్లకు రెండర్థములును చక్కగా నొప్పినవి. ఇంగ్లీషు లిపిలో మాత్రము ఈ మాట చివర టీ తరువాత హెచ్ చేర్చుదురు. దక్షిణమున తకారమును అట్లు వ్రాయుట ఆచారము. ఉత్తరదేశీయుడు దానిని ‘సమిథి’ యని చదువును. అట్టి మాట నే నెఱుగను. సమిధ గలదు, అది హోమగుండములో వేయునది.

2022 అక్టోబరు 5 విజయదశమి నాడు ఈ పక్షము తెలంగాణ పదమును తీసి భారత పదమును పెట్టుటకు తీర్మానించినది. డిసెంబరులో ఎన్నికల సంఘము అంగీకరించినది. మార్చినది ఒక్క మాట. కాని మార్చని మాట యర్థమును మాఱినది! తెలంగాణ ప్రక్కన స్టేట్‌గా నున్న రాష్ట్రము, భారత ప్రక్కకు రాగానే నేషన్ అయినది. 2023 ఫిబ్రవరి 5 నాడు నాందేడులో ఆ పక్షము సభ జరిపినపుడు అక్కడి రైతునకు పేరు విప్పి చెప్పవలసిన పని లేదు; రాష్ట్రమన దేశమని వాని తల్లిభాషయే చెప్పును. ఇటు నిర్మలులో, జగిత్యాలలో మాత్రము ‘భారతము ఒక రాష్ట్రమా?’ అని జనులు సందేహించిరి. ఆ సంవత్సరాంతమున అధికారము పోవుటకు కారణములు అనేకములు. వానిలో పేరునకు భాగమెంతయో తేల్చు శక్తి నాకు లేదు. తమ మాట తమ చేతినుండి జారినదని బాధపడినవారిని మాత్రము నేనెఱుగుదును. పేరు పెద్దదైనదని సంతోషించినవారినిగూడ ఎఱుగుదును.

తాతకు ఇదంతయు చెప్పితిని. ఎఱ్ఱసిరా గీచినవారిది తప్పు గాదు, పక్షమువారి యుద్దేశము అదియే. బాలునిదియు తప్పు గాదు, వాడు తెలుగున చదివినాడు. “అయితె భైంసా దాటితె అర్థం తిరగబడ్తదన్నట్టు,” అనెను తాత. నేను బాలుని పుస్తకములో ‘ఇండియా నేషన్ కౌన్సిల్’ అని వ్రాసి, దాని క్రింద, ‘రాష్ట్రమునకు ఈ యర్థము తెలుగు వాడుకలో లేదు’ అని చేర్చితిని. ఆ రెండవ పంక్తిని తాత మనుమనిచేత రెండుమార్లు చదివించుకొనెను.