పాత ప్రోగ్రాముకు కొత్త కంప్యూటర్‌లో చోటు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి, క్రమశిక్షణ గురించి ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నేను ఒక చిన్న సాంకేతిక విషయం చెబుతాను. ఇది కంప్యూటర్ చదివే పిల్లలకు పాఠం, వ్యాపారం చేసుకునే తల్లిదండ్రులకు అవసరం.

బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, హోసూరులోనైనా ఇరవై ముప్పై ఏళ్ల క్రితం కంప్యూటర్ కొన్న కొట్లలో చాలావరకు డాస్ ప్రోగ్రాములతోనే లెక్కలు మొదలుపెట్టారు. నల్లని తెర, దాని మీద తెల్లని అక్షరాలు. బాకీలు, సరుకు, చిట్టాలు అన్నీ అందులోనే. ఆ పాత యంత్రం ఒక రోజు ఆగిపోతుంది. కొత్తది కొంటారు. పాత ప్రోగ్రాము అందులో పెడితే "మెమరీ చాలదు" అంటుంది, లేదా అసలు తెరుచుకోనే తెరుచుకోదు. నాలుగు జీబీ ఉన్న యంత్రంలో మెమరీ చాలకపోవడం ఏమిటని ఆశ్చర్యపోయి, కొందరు ఇంకా ర్యామ్ కొంటారు. దయచేసి కొనకండి. ఆ డబ్బు వృథా.

కారణం వినండి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ఇంటెల్ 8088 ప్రాసెసర్‌కు చిరునామా తీగలు 20 మాత్రమే. 2ను 20 సార్లు హెచ్చిస్తే 10,48,576. అంటే ఒక ఎంబీకి మించి అది చూడలేదు. అందులో పై 384 కేబీ తెరకు, ఇతర పరికరాలకు కేటాయించారు. మిగిలిన 640 కేబీ ప్రోగ్రాములకు. డాస్ ప్రోగ్రాముకు తెలిసిన ప్రపంచం అంతే. ఆ 640లో కూడా డాస్, మౌస్ డ్రైవరు, సీడీ డ్రైవరు ముందే కూర్చుంటాయి. మిగిలిన చోటు ప్రోగ్రాముకు చాలకపోతే, బయట ఎన్ని జీబీలున్నా అది ఆగిపోతుంది.

దీన్ని కొట్టుతో పోల్చుకోండి. ముందు గది చిన్నది, వెనుక గోదాము పెద్దది. గోదాము ఇంకా పెంచినంత మాత్రాన ముందు గదిలో నిలబడే చోటు పెరగదు. గోదాములోని సరుకు ముందుకు తెచ్చే దారి కావాలి. ఆ దారులు రెండు వచ్చాయి. ఈఎంఎస్ అనే పద్ధతిలో 64 కేబీల ఒక కిటికీ పెట్టి, అవసరమైన భాగాన్ని అందులోంచి చూపిస్తారు. ఎక్స్‌ఎంఎస్ అనే పద్ధతిలో ఒక ఎంబీకి పైనున్న మెమరీని హిమెమ్ అనే డ్రైవరు అందిస్తుంది. ఏ ప్రోగ్రాముకు ఏది కావాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ముందు అది చదవండి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వంటి 32 బిట్ల విండోస్‌లలో డాస్ కోసం లోపల ఒక ఏర్పాటు ఉంది. ప్రోగ్రాము గుర్తు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో మెమరీ అనే పుట తెరిస్తే ఈఎంఎస్, ఎక్స్‌ఎంఎస్ ఎంతివ్వాలో విడివిడిగా నిర్ణయించవచ్చు. ఆటో అన్నచోట పని జరగకపోతే 8192 లేదా 16384 అని అంకె ఇచ్చి చూడండి. ఆటోఎగ్జెక్.ఎన్‌టీ ఫైలులో సీడీ డ్రైవరు వరుస ముందు రెమ్ అని రాస్తే ముందు గదిలో కొంత చోటు ఖాళీ అవుతుంది.

64 బిట్ల విండోస్‌లో ఈ ఏర్పాటు లేదు. 64 బిట్ల పద్ధతిలో నడిచేటప్పుడు పాత 8086లా నటించే సౌకర్యం ప్రాసెసర్‌లోనే ఉండదు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్లదే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక ఇప్పుడు దారి డాస్‌బాక్స్ వంటి ఉచిత ప్రోగ్రాము. అది పాత యంత్రాన్ని మొత్తంగా అనుకరిస్తుంది. దాని అమరిక ఫైలులో మెమ్‌సైజ్ మామూలుగా 16 ఉంటుంది, అంటే 16 ఎంబీ. ఎక్కువ డాస్ ప్రోగ్రాములకు అది చాలు. ఎక్స్‌ఎంఎస్, ఈఎంఎస్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. అయితే అది ముఖ్యంగా పాత ఆటల కోసం తయారైనది. వ్యాపార లెక్కలు నడపాలంటే ముందు నకలు తీసి పెట్టుకోవాలి. లేదా వర్చువల్ యంత్రంలో ఫ్రీడాస్ వేసుకోవచ్చు.

విద్యార్థులకు ఒక మాట. టర్బో సీ నేర్చుకున్నవారు ఇదే ఇరుకు గదిలో నేర్చుకున్నారు. అందులో ఇంట్ అంటే 2 బైట్లు. 30000కు 10000 కలిపి ఇంట్‌లో పెడితే 40000 రాదు, -25536 వస్తుంది. 40000 ఇంట్‌ల వరుస ప్రకటిస్తే 80000 బైట్లు అవుతుంది, 64 కేబీ హద్దు దాటుతుంది, కంపైలరు ఒప్పుకోదు. నేటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా 4 బైట్లు. ఈ తేడా ఎందుకో చెప్పగలిగినవాడు ఇంటర్వ్యూలో తడబడడు. జవాబు బట్టీ పట్టకండి, కారణం పట్టుకోండి.

చివరగా తల్లిదండ్రులకు. ప్రోగ్రాము పోయినా ఫరవాలేదు, లెక్కలు పోకూడదు. పాత యంత్రం నడుస్తున్నప్పుడే డేటా ఫైళ్లను రెండు చోట్ల నకలు తీయించండి. చాలా పాత ప్రోగ్రాముల డేటా డీబీఎఫ్ అనే రకం ఫైళ్లలో ఉంటుంది. వాటిని లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో తెరిచి పట్టికగా దాచుకోవచ్చు. తెరిచేది నకలునే గాని అసలును కాదు. ఈ పని మీ ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకే అప్పగించండి. పక్కన కూర్చుని ఏ అంకె ఏమిటో మీరు చెప్పండి. మీ అనుభవం, వాళ్ల చదువు కలిస్తేనే ఆ పాత చిట్టా నిలుస్తుంది.