డాక్టరు చదువా, నర్సు చదువా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఊరికి విజ్ఞానమును పంచిపెట్టుచున్నది. ఇంటర్మీడియట్టులో జీవశాస్త్రము చదువుచున్న బాలబాలికలు ఇచ్చటి బల్లలయొద్ద కూర్చుండి ప్రవేశపరీక్షల పుస్తకములు తిరగవేయుట చూచితిని. వారికిని, వారి తల్లిదండ్రులకును పనికివచ్చు విషయమునే నేడు ఎన్నుకొంటిని.

డాక్టరు కావలెనా, నర్సు కావలెనా అను ప్రశ్నకు ఇటీవల మూడవ మాటయొకటి తోడైనది. అదియే నర్స్ ప్రాక్టిషనర్. అమెరికాలో నున్న బంధువుల మూలమున ఈ మాట మన పల్లెలకు చేరినది. అక్కడ నర్సులు కూడ డాక్టర్లవలె మందులు వ్రాయుదురట యని కొందరు ఆశపడుచున్నారు. అందు నిజమెంత, మనకు వర్తించునది యెంత యని విచారింతము.

1965వ సంవత్సరమున అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమందు లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను శిశువైద్యుడు కలిసి ఈ శిక్షణకు నాంది పలికిరి. డాక్టర్లు చాలనిచోట పిల్లల ఆరోగ్యమును అనుభవముగల నర్సే ఏల చూడరాదన్నది వారి ఆలోచన. ఫోర్డ్ గారు 104 ఏండ్లు జీవించి 2025లో కన్నుమూసిరి. ఆమె నాటిన మొక్క నేడు మహావృక్షమైనది. ఈ నర్సులు రోగిని పరీక్షించి, వ్యాధిని నిర్ణయించి, మందులు వ్రాయుచున్నారు. సగమునకు పైగా రాష్ట్రములలో డాక్టరు పర్యవేక్షణ లేకయే ఈ పని చేయవచ్చును. వానిలో కొన్నిట మాత్రము మొదట కొంతకాలము పర్యవేక్షణలో పనిచేయవలసియుండును.

అయినను ఇరువురి చదువు ఒకటి కాదు. అక్కడ డాక్టరగుటకు డిగ్రీ 4 ఏండ్లు, వైద్యకళాశాల 4 ఏండ్లు, ఆపై ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణ 3 మొదలు 7 ఏండ్లు. నర్సునకు డిగ్రీ 4 ఏండ్లు, లైసెన్సు పరీక్ష, ఆపై సాధారణముగా 2 లేక 3 ఏండ్ల పైచదువు. మొదటి దారిలో కాలమును, అప్పును ఎక్కువ. కాని శస్త్రచికిత్స చేయుట, చిక్కుపడిన వ్యాధికి తుదిమాట చెప్పుట ఆ దారిని నడచినవారి బాధ్యత. రెండవ దారిలో సంపాదన ముందుగా మొదలగును. ఉద్యోగము చేయుచునే పైచదువు చదువుకొనవచ్చును.

ఇక మన దేశమునకు వత్తము. ఇచ్చట ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్లు, ఇంటర్న్‌షిప్ ఒక యేడు. స్పెషలిస్టు కావలెనన్న మరి 3 ఏండ్లు. బి.ఎస్‌సి. నర్సింగు 4 ఏండ్లు. భారత నర్సింగ్ కౌన్సిల్ తీవ్రచికిత్సా విభాగములలో పనిచేయుటకై రెండేండ్ల నర్స్ ప్రాక్టిషనర్ కోర్సును ఏర్పరచినది. ప్రసూతి విషయమున తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలిడినది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద నర్సింగు చదివినవారు ఆరోగ్య ఉపకేంద్రములలో నియమింపబడి, రక్తపోటును, చక్కెరవ్యాధిని కనిపెట్టి, నిర్ణీతమైన మందులు అందించుచున్నారు. మైదాన ప్రాంతమున ఒక్కొక్క ఉపకేంద్రము సుమారు 5,000 మందికి ఉద్దేశింపబడినది.

అయితే ఒక్క సంగతి స్పష్టముగా చెప్పవలెను. ఈ బిరుదు మన దేశమున అమెరికాలోని అధికారము నీయదు. ఇచ్చట పని నిర్ణీత నియమములకు లోబడియే సాగును. నర్సింగు చదివినవారు నడుమనుండి ఎం.బి.బి.ఎస్.లో చేరుటకు వీలు లేదు; నీట్ పరీక్ష వ్రాసి మొదటినుండి ఆరంభింపవలసినదే. అమెరికాకు పోవలెనన్నను అచ్చటి నర్సు లైసెన్సు పరీక్షలో నెగ్గి, అచ్చటి పైచదువు పూర్తిచేసిన పిమ్మటనే ఆ హోదా లభించును. దీనిని దాచి, సీట్లు అమ్ముకొను దళారుల మాట నమ్మవలదు.

మరి ఎన్నుకొనుట యెట్లు? చక్కెరవ్యాధితో కాలిపుండు పడిన రైతును తలచుకొనుడు. పుండు ఎముకదాక పోయినదా, శస్త్రము చేయవలెనా, ఏ మందు ఎంత ఈయవలెనని నిర్ణయించువాడు డాక్టరు. ఆ నిర్ణయము తప్పినచో కాలు పోవచ్చును. ఆ భారమును మోయగల మనస్సు ఉండవలెను. ప్రతిదినము పుండు కడిగి కట్టుకట్టుట, ఇన్సులిన్ వేసికొనుట నేర్పుట, భార్యకు వంట విషయము బోధించుట, పుండు రంగు మారగానే హెచ్చరించుట నర్సు పని. అది తప్పినను కాలు పోవచ్చును. రెండును విద్యలే, రెంటను శాస్త్రము కలదు. మీ బిడ్డ మనస్సు ఏ పనియందు నిలుచునో మొదట కనుగొనుడు.

మన యిండ్లలో జరుగుచున్నది దీనికి విరుద్ధము. డాక్టరు బిరుదు గౌరవముకొరకు రెండెకరములు అమ్మి, బిడ్డను ఏండ్లతరబడి కోచింగులో నుంచుదురు. ర్యాంకు రానప్పుడు, "పోనీ, నర్సింగులోనైన చేరుము" అందురు. ఆ "నైన" అను చిన్న ప్రత్యయము బిడ్డ ఆత్మగౌరవమును జీవితాంతము కోయుచుండును. మగపిల్లలకు ఆ చదువు తగదనుకొనుటయు పొరపాటే. మనకు ప్రాణము మీదికి వచ్చిన రాత్రి తలాపున నిలుచునది ఎవరో ఒక్కమారు జ్ఞాపకము చేసికొనుడు.

కాబట్టి మూడు పనులు చేయుడని నా మనవి. ఒకటి, నిర్ణయమునకు ముందు బిడ్డ ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి, అచ్చటివారి అనుమతితో డాక్టరు పనిని, నర్సు పనిని కన్నులార చూడవలెను. రెండు, ఎన్ని యేండ్లు చదువవలెనో, ఎంత సొమ్ము కావలెనో కాగితముపై లెక్కవేసి, కోచింగునకు ఇంతకాలమని ముందే గిరిగీసికొనవలెను. మూడు, నర్సింగు కళాశాలకు కౌన్సిల్ గుర్తింపు కలదా, అనుబంధ ఆసుపత్రి కలదా, అందు నిజముగా రోగులు ఉన్నారా యని స్వయముగా పోయి చూడవలెను. రోగులు లేని ఆసుపత్రిలో నేర్చిన నర్సింగు నీరులేని చెరువులో నేర్చిన ఈత వంటిది.

గ్రంథాలయ కార్యవర్గమునకును ఒక విన్నపము. ప్రవేశపరీక్షల పుస్తకముల ప్రక్కన నర్సింగు పాఠ్యగ్రంథములను, రెండు చదువుల ప్రవేశ నియమములను ఉంచుడు. ఒకే బీరువాలో అవి సరిసమానముగా నిలిచిననాడు, మన మనస్సులలోను నిలువగలవు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇక్కడ చదివిన డాక్టరును, ఇక్కడ చదివిన నర్సును ఈ వేదికపై ప్రక్కప్రక్కన కూర్చుండుట చూడగలమని ఆశించుచున్నాను.