రుక్మిణి సందేశము, అంబ మాట: కౌమారవిద్య తెలుగు తరగతిలో నుండవలెననుట



ఈ ఉపన్యాసము ఎవరి స్మృత్యర్థము ఏర్పడినదో ఆ ప్రధానోపాధ్యాయినిగారి జీవితవిశేషములు ఆహ్వానపత్రికలో అచ్చయియే యున్నవి కనుక వానిని మరల చదువుట అనావశ్యకము. ఆమె పాఠశాలలో తెలుగు పండితుడనై పనిచేసిన నాకు ఆమె పేరు వినినంతనే స్ఫురించునది ఆమె గదిలోని ఇనుప బీరువా క్రింది అర. అందులో ఉతికి మడిచిన నూలుగుడ్డలు, పిన్నీసులు, ఒక నల్లలంగా ఎల్లప్పుడును సిద్ధముగా నుండెడివి. తరగతి నడుమ అకస్మాత్తుగా అవసరము కలిగిన బాలిక ఆమె గుమ్మమునొద్ద నిలిచి "సుద్దముక్క కావాలండీ" అనెడిది. అంతటితో ఆమె లేచి, తలుపు దగ్గరగా వేసి, బీరువా తెరచెడివారు. ఆ సంకేతము పెద్ద తరగతి పిల్లలనుండి చిన్న తరగతి పిల్లలకు తనంతతానే సంక్రమించుచు వచ్చినది. అరసున్న ప్రయోగమును గూర్చి ఆమె నాతో ఎన్నడును ఏకీభవింపలేదు. నేడు నేను చెప్పబోవు విషయమునను ఏకీభవించియుందురని చెప్పజాలను. అయినను ఈ గౌరవమును కృతజ్ఞతతో స్వీకరించితిని. బహుకాలముగా వ్యాసములలోను, ఉపాధ్యాయ సభలలోను నేను నడపుచున్న ఒక వివాదమును తీరికగా విన్నవించుటకు ఇంతకంటె తగిన వేదిక లభింపదు.

కౌమారవయస్కులకు శరీరమును, ఆరోగ్యమును గూర్చి బోధింపవలెనా వలదా యను చర్చకు నేను కాలము వెచ్చింపను. బోధించినచో చెడిపోవుదురను భయమునకు సమాధానము ఎన్నడో లభించినది. 2007లో డగ్లస్ కర్బీయు, ఆయన సహచరులును నానాదేశములకు చెందిన 83 అధ్యయనములను పరిశీలించి, ఇట్టి బోధన కామప్రవృత్తిని త్వరపెట్టుట సామాన్యముగా కానరాదని తేల్చిరి. అదే సంవత్సరమున అమెరికా ప్రభుత్వముకొరకు కేవల బ్రహ్మచర్యోపదేశ పాఠములను పరీక్షించిన మాథమెటికా సంస్థ, ఆ పాఠములు విన్నవారికిని విననివారికిని నడవడిలో భేదమేమియు లేదని నివేదించినది. స్వీడనులో 1955 నుండియే ఇది నిర్బంధపాఠ్యాంశము. పదునెనిమిదేండ్లు నిండనివారి అంగీకారము చట్టము దృష్టిలో చెల్లదని 2012 నాటి పోక్సో చట్టము చెప్పుచున్నది. ఆ వయఃపరిమితిని తగ్గింపరాదని లా కమిషను 2023 నాటి తన 283వ నివేదికలో సలహా యిచ్చినది. ఈ సంగతి ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును తేటతెల్లముగా తెలియవలెను. గర్భనిరోధము, సుఖవ్యాధులు, ఋతుకాల శుభ్రత మొదలగునవి జీవశాస్త్రోపాధ్యాయులును, 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమపు క్లినిక్కులును చెప్పవలసినవి. వారే చెప్పుదురు గాక.

నా వివాదము వేరు. ఒక మనిషి మరియొక మనిషిని కోరుట, అడుగుట, ఔననిపించుకొనుట, కాదనిపించుకొనుట, కాదనిపించుకొన్న పిమ్మట మర్యాదగా బ్రతుకుట, వీనికి సంబంధించిన విద్య జీవశాస్త్రమునకు చెందదు. అది తెలుగు తరగతికి చెందినది, తెలుగు ఉపాధ్యాయుడే చెప్పవలసినది. ఈ మాట అనినందుకు జీవశాస్త్రమువారు నాపై అలిగిరి, పండితమిత్రులు అంతకంటె ఎక్కువగా అలిగిరి. ఇరువురికిని నేడు సమాధానము చెప్పెదను.

2005లో కేంద్రప్రభుత్వము కౌమారవిద్యా కార్యక్రమమును తలపెట్టినప్పుడు దాని ముఖ్యోద్దేశము ఎయిడ్స్ నివారణము. అందుచేత ఆ విద్య వ్యాధిభయముతోనే మన పాఠశాలల గడప త్రొక్కినది. రెండేండ్లు తిరుగకమునుపే పలు రాష్ట్రములు దానిని నిషేధించినవి. ఆమీదట రాజ్యసభ విజ్ఞాపనల సంఘము శ్రీ వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన విచారణ జరిపి, 2009లో సమర్పించిన నివేదికలో పాఠశాలలందు లైంగికవిద్య కూడదనియు, వివాహమునకు ముందు సంబంధము తగదను సందేశమునే పిల్లలకు అందింపవలెననియు, వ్యాధులను గూర్చిన ప్రకరణములను పదవ తరగతి దాటిన పిమ్మట జీవశాస్త్రములో చేర్చుకొనవచ్చుననియు సూచించినది. నాకు వింతగా తోచునది ఆ సంఘము చేసిన నిరాకరణము కాదు. దానిని ఖండించిన అభ్యుదయవాదులు సైతము ఈ విద్యకు చోటు జీవశాస్త్రమేనన్న భావమును మారుమాటాడక అంగీకరించుట.

మన ఇంటర్మీడియెట్ చదువు తెలిసినవారెవరైనను ఇందలి లోపమును క్షణములో గ్రహింపగలరు. పదవ తరగతి తరువాత జీవశాస్త్రము చదువువారు ముఖ్యముగా బైపీసీ విద్యార్థులే. ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు ఆ పుస్తకము చేతికే రాదు. ఐటీఐలో చేరినవానికి, పత్తిచేనికి పోయిన పిల్లకు అసలే రాదు. ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 20–24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకయే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున 29.3 శాతము, తెలంగాణమున 23.5 శాతము, 15–19 ఏండ్ల బాలికలలో సర్వే నాటికే తల్లులైనవారును, గర్భవతులును ఆంధ్రప్రదేశమున 12.6 శాతము. ఈ బాలికలకు ఇంటర్ జీవశాస్త్రమున చెప్పెదమనుట పెండ్లి ముగిసిన పిమ్మట శుభలేఖ పంపుట. తెలుగు వాచకము అట్టిది కాదు. అది ఆరవ తరగతినుండి పదవ తరగతివరకు మన బడులలో ఇంచుమించు ప్రతి పిల్లవాని సంచిలోను ఉండును. తెలంగాణమున 2018 నాటి శాసనము దానిని అన్ని బడులకును నిర్బంధము చేసినది కూడ.

ఇక క్రింది తరగతుల మాట. ఎనిమిదవ తరగతి జీవశాస్త్రమున కౌమారదశను గూర్చి పాఠము లేకపోలేదు. అది అనేక తరగతులలో ఏ విధముగా నడచునో ఉపాధ్యాయులు నాతో చెప్పియున్నారు: "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షకి ముఖ్యం కాదు" అని పుట త్రిప్పుట. ఇంటిలోనో, పిల్ల సమర్తాడినదని బంధువులనందరిని పిలిచి, చాపపై కూర్చుండబెట్టి, చిమ్మిలి తినిపించి, పట్టుపావడా కట్టి, నేటికాలమున వీధిమొగమున ఆ పిల్ల నిలువెత్తు చిత్రముతో ఫ్లెక్సీ కూడ నిలుపుదురు. ఊరికంతటికిని ప్రకటించిన ఆ సంగతిని ఆ పిల్లకు మాత్రము వివరించువారుండరు. ఆ వేడుకయందు పూర్వము ముత్తైదువలు పాడిన పాటలలో కొంత బోధ ఉండెడిది. ఇప్పుడు డీజే పెట్టెలున్నవి.

బాలుని స్థితి ఇంతకంటె హీనము. వానికి వేడుకయు లేదు, పాటయు లేదు. ఆడపిల్లకు "వద్దు అని గట్టిగా చెప్పు" అని నేర్పు పాఠములు, గోడపత్రికలు ఇప్పుడు విరివిగా వచ్చినవి, సంతోషము. కాని ఆ "వద్దు" ఎవని చెవిని పడవలెనో వానికి దానిని వినుట నేర్పు పాఠమేది? 2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యువకులు ఆమ్లము పోసిరి. నిందితులు కొలది దినములలోనే పోలీసు కాల్పులలో మరణించిరి. రాష్ట్రమంతటను అభినందనలు వెల్లువెత్తెను. ఆ యువకులును మన బడులలో మన వాచకములనే చదివి, మనము పెట్టిన పరీక్షలలోనే ఉత్తీర్ణులైనవారని ఆనాడు నేను వ్రాసిన వ్యాసమును ప్రచురించుటకు ఒక పత్రిక నిరాకరించినది. 2014 నుండి హైదరాబాదున పోలీసువారి షీ టీములు పనిచేయుచున్నవి. అవి చేయు పనిని నేను గౌరవించుచున్నాను. అయినను, కోరికయొక్క మర్యాదను మన బాలునికి మొట్టమొదట చెప్పువాడు పోలీసు కావలసివచ్చుట ఉపాధ్యాయులమగు మనకు దుస్సహము కావలదా?

పండితమిత్రుల ఆక్షేపము ఇట్టిది: "మన సాహిత్యములో ఇవి యెక్కడివి? ఉన్నవేమో అపహరణములు, గాంధర్వములు. వానిని విప్పి చెప్పినచో పిల్లలు తప్పు దారి పట్టరా?" విప్పి చెప్పకపోవుటచేతనే తప్పుదారి పట్టుచున్నారని నా సమాధానము. రెండు అపహరణములను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు.

పోతన భాగవతములోని రుక్మిణీకల్యాణము తెలుగువారికి కంఠోపాఠము. వెంటపడి వేధించువాడు సైతము "కృష్ణుడు రుక్మిణిని ఎత్తుకుపోలేదా" యనుట నేను విన్నాను. ఆ కథయందు పిలిచినదెవరు? అన్నగారు శిశుపాలునికి నిశ్చయించిన వివాహమును ఇచ్చగింపక, అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని చేత తన మనస్సును తానే తెలిపి పంపినది రుక్మిణి. అంతఃపురమునుండి కొనిపోవలెనన్నచో బంధువులను చంపవలసివచ్చునను శంకను తానే ఊహించి, పెండ్లికి ముందు గౌరీపూజకై ఊరివెలుపలి గుడికి వచ్చెదనని చోటును, వేళను నిర్ణయించినదియు రుక్మిణియే. ఈ అపహరణమున మొదటి మాట ఆమెది, ఉపాయము ఆమెది. కృష్ణుడు చేసినది ఆమె చెప్పినదే.

అంబ కథ వేరు. కాశీరాజు ముగ్గురు కూతుండ్రను భీష్ముడు స్వయంవరమంటపమునుండి రథమెక్కించి కొనివచ్చెను. తనకొరకు కాదు, తమ్ముడు విచిత్రవీర్యునికొరకు. తాను సాల్వుని మనసా వరించితినని అంబ చెప్పినది హస్తినాపురమునకు వచ్చిన పిమ్మట. భీష్ముడు వినెను, ఆదరముతోనే సాల్వునియొద్దకు పంపెను. సాల్వుడు, ఒకడు గెలిచి కొనిపోయిన కన్యను నేనొల్లనని త్రోసిపుచ్చెను. ఆమె మరలి వచ్చినప్పుడు భీష్మునికి తన వ్రతము అడ్డువచ్చెను. పరశురాముడంతటివాడు యుద్ధము చేసియు ఆమెకు న్యాయము చేకూర్పజాలకపోయెను. నేను తరగతిలో నిలిచి బాలురకు చెప్పగోరునది ఇది: భీష్ముడు దుర్మార్గుడు కాడు, కాముకుడు కాడు, మాటతప్పినవాడు కాడు, రథమెక్కించుటకు ముందు ఆ కన్యను ఒక్కమాట అడుగలేదు, అంతే. చెడ్డవారు మాత్రమే ఈ తప్పు చేయుదురని నమ్మియున్న బాలుడు తాను మంచివాడననుకొన్నంతకాలము ఏ హెచ్చరికను చెవిని బెట్టడు. వానికి భీష్ముడు కావలెను. జీవశాస్త్రపు ఏ పటమును ఈ పాఠమును చెప్పలేదు.

శకుంతల మాటయు నిట్టిదే. నన్నయ ఆమె నోట పలికించిన సత్యమహిమా పద్యమును మనము తరతరములుగా వల్లెవేయించుచున్నాము. ఆ పద్యమును ఆమె ఎప్పుడు, ఎందుకు చెప్పవలసివచ్చినదని పిల్లవాడు అడిగినచో, తనను వరించి, బిడ్డకు తండ్రియై, నిండుసభలో నీవెవతెవన్న పురుషునియెదుట చెప్పినదని చెప్పుటకు మాత్రము సంకోచింతుము. ఆశ్రమమున తన కుమారునికే రాజ్యము దక్కవలెనని నియమము చేసికొన్న తరువాతనే ఆమె సమ్మతించిన ఘట్టము సైతము భారతముననే యున్నది.

ఇది పాశ్చాత్యుల దిగుమతియనువారికి వాత్స్యాయనుని చూపవలసియున్నది. స్త్రీ యౌవనమునకు పూర్వమే ఈ శాస్త్రమును నేర్వవలెనని ఆయన మొదటి అధికరణమున చెప్పెను. మూడవ అధికరణమున కన్యావిస్రంభణమను అధ్యాయమంతయు నూతనవధువు నమ్మకమును పొందు విధానమే; మొదటి మూడు రాత్రులు నిగ్రహమును విధించి, విశ్వాసము కుదురకయే బలాత్కరించినచో ఆమెకు సంగమమన్ననే ద్వేషము పుట్టునని హెచ్చరించినాడు. అదే అధికరణమున మరికొంత ముందుకు పోయినచో మత్తులోనున్న కన్యను వశపరచుకొను పద్ధతులు కూడ చెప్పబడినవి. అందుచేత ఆ గ్రంథమును పిల్లల చేతికి ఇయ్యుమని నేననను. ఏది చెప్పవలెనో, ఏది ఖండింపవలెనో ఏరుట ఉపాధ్యాయుని విధి. యునెస్కో 2018లో సవరించి ప్రకటించిన మార్గదర్శకమున ఎనిమిది ప్రధానాంశములలో మొదటిది మానవసంబంధములు. శరీరాభివృద్ధి, ప్రజననారోగ్యము అటు తరువాతివి. ఈ క్రమము వాత్స్యాయనునికి తెలిసినదే, మన పాఠ్యప్రణాళికలవారికే తెలియలేదు.

కొంతకాలముగా నేను ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకొరకు ఒక ఉపవాచకమును కూర్చుచున్నాను. రుక్మిణి, అంబ, శకుంతల, గురజాడ కన్యాశుల్కములోని సుబ్బి, వీరికి తోడు చేతిఫోనులో "ఒక్క ఫొటో పంపు" అని వేధింపబడిన పిల్ల కథ. వానితోపాటు లేఖారచనాభ్యాసములు. సెలవుచీటీ వ్రాయుట, చెత్త తీయించుడని పురపాలకసంఘపు కమీషనరుకు వ్రాయుట మనము నేర్పుచున్నాము. కాదన్నవారికి వ్రాయవలసిన జాబును నేర్పము. ఒక గ్రామపు ఉన్నతపాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలురకు ఆ అభ్యాసమును ఇచ్చితిని. చాలమంది పుటనిండ క్షమాపణలు, శపథములు, సినిమాపాటలు నింపిరి. ఒక బాలుడు మూడే వాక్యములు వ్రాసెను: "సరే. నేను మళ్ళీ అడగను. రేపటినుంచి బస్సులో ముందువైపు నిలబడతాను, నువ్వు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చో." ఆ జాబును నమూనాగా, పేరు లేకుండ, ఉపవాచకమున చేర్చుచున్నాను.

చిత్తుప్రతులు ద్వారమునొద్ద బల్లపై నున్నవి. అంబ పాఠమునకు చివర నేను వ్రాసిన ప్రశ్నలు నాకే తృప్తిగా లేవు: ఆడపిల్లలు సాల్వుని గూర్చి అడుగుచున్నారు, నా ప్రశ్నలన్నియు భీష్ముని గూర్చియే యున్నవి. సభలోనున్న తెలుగు ఉపాధ్యాయులు తలకొక ప్రతిని గైకొని, వచ్చు విద్యాసంవత్సరారంభమునకు ముందు తమ తరగతిలో ఒక్క పాఠమైనను చెప్పి చూచి, పిల్లలడిగిన ప్రశ్నలను వారి మాటలలోనే నాకు వ్రాసి పంపవలెనని ప్రార్థించుచున్నాను. ఈ ఉపన్యాసమునకు నిర్వాహకులిచ్చు పారితోషికము ఆ ప్రతుల ముద్రణకే వినియోగపడును.