మొదటి లారీ ఎవరి దగ్గర ఎక్కాలి?



పోయిన వారం పాఠం అయ్యాక ఒక పిన్ని నన్ను ఆపింది. వాళ్ల అబ్బాయికి హెవీ లైసెన్సు వచ్చింది. ముగ్గురు ఓనర్లు రమ్మంటున్నారట. "ఎవరు ఎక్కువిస్తే అక్కడికి పంపనా అమ్మాయ్?" అని అడిగింది. అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. బస్సు టైమైపోతోందని వెళ్లిపోయాను. ఈ రోజు చెప్తాను. మీలో చాలామంది ఇళ్లల్లో భర్తో, కొడుకో, మరిదో స్టీరింగు పట్టినవాళ్లే. కనుక అందరూ వినండి.

నేను లారీ నడపలేదు. మా తమ్ముడు నడుపుతున్నాడు. వాడి మొదటి లారీతో మా ఇల్లు ఏం పడిందో నాకు తెలుసు.

మాది కొల్లేటి పక్క ఊరు. తమ్ముడు రెండేళ్లు క్లీనరుగా తిరిగాడు. టైరు మార్చటం, పట్టా కట్టటం, తాడు బిగించటం నేర్చాడు. ముందు చిన్న బండి లైసెన్సు తీశాడు. అది తీసి ఏడాది నిండితేగాని పెద్ద బండికి ఎల్.ఎల్.ఆర్. ఇవ్వరు. వయసు కూడా 20 ఏళ్లు నిండాలి. అన్నీ అయ్యి లైసెన్సు చేతికి వచ్చిన రోజున మా అమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది.

మూడో రోజుకే చేపల లోడు ఓనరు ఒకాయన ఇంటికి వచ్చాడు. హౌరా ట్రిప్పుకు 9 వేలు ఇస్తానన్నాడు. నెలకు 4 ట్రిప్పులు అన్నాడు. 4 తొమ్ములు 36. అంటే 36 వేలు! పైగా 30 వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాడు. మా నాన్న ఆ డబ్బుతో పాత బాకీ తీర్చేశాడు. ఒక తెల్ల కాగితం మీద తమ్ముడి సంతకం తీసుకున్నాడు ఆయన. పైన ఏమీ రాయలేదు. మేం అడగలేదు.

చేపల లోడు అంటే ఏంటో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పెట్టెల్లో చేప, చేప మీద ఐసు. ఐసు కరిగితే చేప పాడు. హౌరా వెయ్యి కిలోమీటర్లు దాటి ఉంటుంది. అక్కడ తెల్లవారి మార్కెట్టుకు బండి అందాలి. అందకపోతే రేటు పడిపోతుంది. అందుకని ఆపకుండా తోలాలి. తెలిసిన ఓనర్లు ఇద్దరు డ్రైవర్లను పంపుతారు. ఒకరు తోలుతుంటే ఒకరు పడుకుంటారు. మా ఓనరు మాత్రం మా తమ్ముడినీ, ఒక క్లీనరు పిల్లాణ్ణీ పంపాడు.

మొదటి నెల లెక్క చెప్తాను. మీరూ వేళ్ల మీద కూడండి. తిరుగు లోడు దొరకక రెండు మూడు రోజులు పడిగాపులు పడేవాడు. అందుకని 4 ట్రిప్పులు కాలేదు, 3 అయ్యాయి. 27 వేలు. తిండి ఖర్చు తనదే. రోజుకు 300 చొప్పున నెలకు 9 వేలు. మిగిలింది 18 వేలు. అడ్వాన్సు కింద 5 వేలు కోశాడు. ఒకసారి ఆలస్యమైందని 2 వేలు కోశాడు. చేతికి వచ్చింది 11 వేలు. 36 ఎక్కడ, 11 ఎక్కడ?

మానేద్దామంటే అడ్వాన్సు తీరలేదు. తెల్ల కాగితం ఆయన దగ్గర ఉంది.

నాలుగో నెలలో, తెల్లవారుజామున, ఇచ్ఛాపురం దాటాక తమ్ముడికి కునుకు పట్టింది. బండి డివైడరును కొట్టింది. దేవుడి దయ, ఎవరూ చనిపోలేదు. వాడి కాలు విరిగింది. ఓనరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ తరువాత "వాడు నా డ్రైవరు కాదు, క్లీనరు. చెప్పకుండా బండి తీశాడు" అన్నాడు. అప్పుడు బయటపడింది మరో సంగతి. ఆ లారీ ఫిట్‌నెస్ తేదీ దాటి రెండు నెలలైంది. ఉన్న రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మి ఆసుపత్రికి కట్టాం.

నేను టీచరు ట్రైనింగు చదివినదాన్ని. పిల్లలకు తేదీలు చదవటం నేర్పుతాను. ఆ లారీ కాగితం మీద తేదీ మాత్రం ఒక్కసారి చూడలేదు. ఇది మీకు చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

లారీకి చేసే ఇన్సూరెన్సులో జీతం డ్రైవరుకు కూడా పరిహారం దారి ఉంటుంది. కానీ ఆ బండి మీద పనిచేస్తున్నాడని రుజువు కావాలి. మాకేం రుజువు ఉంది? జీతమంతా చేతికిచ్చాడు. చివరకు తమ్ముడి ఫోనులో ఓనరు పంపిన మెసేజీలు దొరికాయి. "లోడు అయిందా, ఎక్కడున్నావు" అని అడిగినవి. అవి పెట్టి అర్జీ ఇచ్చాం. ఇంకా తిరుగుతున్నాం.

అందుకే పిన్నీ, మొదట అడగాల్సింది ఎంతిస్తారని కాదు. ఆర్.సి., ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిటు, పొల్యూషను కాగితాలు చూపించమని అడగండి. ప్రతిదాని మీదా ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ ముందుందా, దాటిపోయిందా? అంతే చూడాలి. మీకు ఇప్పుడు అంకెలు వచ్చు. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అవే. కొత్త లారీకి 8 ఏళ్ల దాకా రెండేళ్లకొకసారి ఫిట్‌నెస్ చేయించాలి. ఆ తరువాత ఏటా చేయించాలి. ఓనరు చూపించకపోతే బండి నంబరు రాసుకోండి. ఫోనులో ఎం-పరివాహన్ అని ప్రభుత్వం వాళ్లది ఉంది. నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు కనిపిస్తాయి. ఇంటికి పదో తరగతి పిల్ల ఉంటే క్షణంలో చూసిపెడుతుంది.

రెండో ఓనరు ఇసుక టిప్పరు వాడని చెప్పావు కదా పిన్నీ. ట్రిప్పుకింత అని ఇస్తాడు. ఎన్ని ట్రిప్పులు తిప్పితే అంత డబ్బు. కొత్త కుర్రాడి చేతికి అది ఇస్తే వాడు పరుగే పెడతాడు. ఓవర్‌లోడు సంగతి కూడా అడుగు. 2019లో మార్చిన చట్టంలో ఓవర్‌లోడుకు 20 వేలు జరిమానా పెట్టారు. పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. లోడు చేయించినవాడిదే తప్పు అంటే చెల్లదు, తోలినవాడి మీద కూడా కేసు రాస్తారు. ఆ డబ్బు ఎవరు కడతారో ముందే తేల్చుకోవాలి.

నిద్ర మాట ఒకటి చెప్పాలి. మోటారు రవాణా కార్మికులకు 1961లోనే చట్టం వచ్చింది. రోజుకు 8 గంటల పని, వారానికి ఒక రోజు సెలవు అని రాశారు. ఈ మధ్య వచ్చిన కొత్త చట్టంలోనూ 8 గంటల మాట ఉంది. రోడ్డు మీద అది ఎంత జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడగటంలో తప్పులేదు. "రాత్రి ఎక్కడ ఆపుతారు? ఎంతసేపు పడుకోనిస్తారు?" అని అడిగితే ఓనరు మొహంలోనే జవాబు తెలుస్తుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు డ్రైవరు కూర్చునే చోట ఏ.సి. ఉండాలని రూలు పెట్టారు. పాత బండ్లకు ఆ రూలు లేదు. ఎండాకాలం ఇంజను వేడిలో కూర్చునేవాడికి నిద్ర మరీ అవసరం.

ఇంకొకటి. ఆ ఓనరు దగ్గర ముందు పనిచేసి మానేసినవాళ్లను కలవండి. ఇప్పుడు పనిచేసేవాళ్లు ఏం చెప్తారు పాపం, వాళ్ల కూడు అక్కడుంది. మానేసినవాళ్లను రెండే అడగండి. బండి దారిలో చెడితే ఫోను ఎత్తాడా? మానేసేటప్పుడు లైసెన్సు, బాకీ జీతం ఇచ్చాడా?

ఇది మగవాళ్ల సంగతే అనుకోకండి. నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన సరిత 2015లో ఢిల్లీలో డి.టి.సి. బస్సు డ్రైవరు అయింది. రేపు మన అమ్మాయి లైసెన్సు తీసినా ఇవే ప్రశ్నలు.

తమ్ముడి కాలు కుదిరాక మేం నాలుగు లారీలున్న ఒకాయన దగ్గరకు వెళ్లాం. ధాన్యం, సిమెంటు తోలతాడు. నెలకు 16 వేలు జీతం, దారిలో రోజుకు 400 బత్తా. అడ్వాన్సు ఇవ్వనన్నాడు. జీతం బ్యాంకులో వేస్తానన్నాడు. మూడు నెలలు పాత డ్రైవరు పక్కన కూర్చోవాలన్నాడు. మా నాన్నకు నచ్చలేదు. "మళ్లీ క్లీనరేనా" అన్నాడు. అమ్మ మాత్రం ఒప్పుకుంది. కాగితాలన్నీ ఈసారి అమ్మే అడిగి చూసింది.

అమ్మ మన కేంద్రంలోనే చదువు నేర్చింది. ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టింది. తమ్ముడు ఫోను చేయగానే బయలుదేరిన తేదీ, ఊరు, డీజిలు, బత్తా రాస్తుంది. ఫిట్‌నెస్ అయిపోయే తేదీ అట్ట మీద పెద్దగా రాసి పెట్టింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి. ఆ పుస్తకం ఈ రోజు అడిగి తెచ్చాను. ఇదిగో పిన్నీ, ముందు నువ్వు చూడు. చూసి పక్కవాళ్లకివ్వు.